ఒక్క ఉపన్యాసం, మూడు బహుమతులు

తమ కొంప తాము ముంచుకున్నవాళ్లు లోకంలో కోకొల్లలు. అందులో పెద్ద గొప్పేమీ లేదు. నేను ఇంకొకరి కొంప ముంచాను. ముంచినందుకు బందరులో నిండు సభలో నా మెడలో బంతిపూల దండ వేశారు. చప్పట్లు కూడా కొట్టారు. అబద్ధమైతే బాగుండుననిపించే ఈ నిజాన్ని మీకిప్పుడు చెప్పబోతున్నాను. నవ్వొచ్చిన చోట మొహమాటపడకుండా నవ్వండి. నేనూ నవ్వుతూనే చెబుతాను. మధ్యలో ఎక్కడైనా నా నవ్వు కాస్త వంకరపోతే అది నా మూతి తప్పు గాని మీ తప్పు కాదు.

అరవైల మొదట్లో మాట. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. దివిసీమలో, సముద్రానికి నాలుగు మైళ్ల ఇవతల ఉన్న ఒక హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేరి ఏడాది కూడా కాలేదు. ఒంటి మీద ఇస్త్రీ లాల్చీ, చేతిలో గొడుగు, బుర్రలో సంస్కృత సమాసాలు. ఈ మూడూ లేకుండా గుమ్మం దాటేవాణ్ణి కాదు. 'ఏమోయ్, భోంచేశావా?' అని ఎవరైనా అడిగితే, 'భుజించితిని' అనే రకం. అదేదో రోగమనుకుని మా ఇంటివాళ్ల ముసలమ్మ, 'అయ్యో, ఏ మందేసుకున్నావు నాయనా?' అని బెంగపడేది.

ఆ ఏడు దసరా సెలవులు అయిపోగానే పైనుంచి ఒక తాఖీదు వచ్చింది. కార్తీకం ముగిసేదాకా జిల్లాలో స్కూళ్లన్నీ శరదుత్సవాలు జరుపుకోవాలని, చివర్లో అందరూ బందరులో కలవాలని. ఇక చూసుకోండి. పెడన వైపు పిల్లలు కలంకారీ అచ్చులూ, రంగులు అద్దిన గుడ్డలూ పట్టుకొచ్చి బల్లల మీద పరవడానికి సిద్ధమయ్యారు. గుడివాడ వైపువాళ్లు డ్రిల్లు మొదలుపెట్టారు. ఎక్కడ చూసినా కోలాటాలు, నాటకాలు, కబడ్డీ, వనభోజనాలు. మా స్కూల్లో లెక్కల మాష్టారు సైతం లెక్కలు మానేసి కోలాటం కర్రలు చెక్కుతూ కూర్చున్నారు. నా వంతుకి వక్తృత్వ పోటీ వచ్చింది. విషయం: 'శరదృతువు - మన జీవితం'.

రెండు రోజులు గది తలుపులు మూసుకుని ఉపన్యాసం ఒకటి రాశాను. 'శరచ్చంద్రికా ధవళిత దిఙ్మండల శోభాయమానమైన ఈ శుభ తరుణమున, ఓ విద్వత్సభాసదులారా!' అన్నది దాని ఎత్తుగడ. ఎత్తుగడే ఇలా ఉంటే తక్కినది ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఊహించుకోలేకపోతే మీ అదృష్టం.

అది చెప్పడానికి తొమ్మిదో తరగతిలో నాంచారును ఎంచుకున్నాను. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల గూడెం నుంచి రోజూ నాలుగు మైళ్లు నడిచొచ్చే పిల్ల. ఆ గూడెంలో హైస్కూలు మొహం చూసిన మొదటి ఆడపిల్ల. గొంతు విప్పితే గంట కొట్టినట్టు ఖంగుమనేది. సాధన మొదలుపెట్టిన రోజే నన్ను ప్రశ్నల్లో ముంచింది.

"మాష్టారండీ, మరాళం అంటే ఏంటండీ?"

"హంస."

"మన వైపు ఉంటదాండీ?"

"ఉండదు."

"మరి నేనెక్కడ చూశానని చెప్పనండీ?"

"చూడక్కర్లేదు. చెబితే చాలు."

ఆ పిల్ల కాగితం తిరగేసింది. "మాష్టారండీ, ఇందులో అంతా వెన్నెల బాగుంటదనే ఉందండి. మా ఇళ్లల్లో వెన్నెలంటే అసలు..."

"మీ ఇళ్లల్లో సంగతి తర్వాత. ముందు 'ధవళిత' పలుకు. 'దవలిత' కాదు. ధ! పొట్టలోంచి రావాలి."

"పొద్దున్నించీ పొట్టలో ఏం లేదండి, అందుకే రావట్లేదేమో," అంది. పక్కనున్న పిల్లలు నవ్వారు. నేను బెత్తంతో బల్ల మీద కొట్టాను. పదిహేను రోజుల్లో ఉపన్యాసమంతా ఆ పిల్లకి నోటికొచ్చింది. అర్థం మాత్రం నాకు వచ్చినంతే వచ్చిందనుకుంటాను.

నేను అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కాని మొదటిసారి గుడ్డు పెట్టిన కోడి ఊరంతా వినేట్టు అరవక మానదు. ట్రెయినింగులో నాతో చదివిన శివరావు గుడివాడ దగ్గర ఒక పల్లెలో, హనుమంతు పామర్రు అవతల ఇంకో పల్లెలో మాష్టర్లుగా ఉండేవారు. ముగ్గురం ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. ఇద్దరికీ నా ఉపన్యాసం గొప్పతనం వర్ణిస్తూ కార్డులు రాశాను. ఇద్దరూ జవాబు రాశారు. 'బావా, నీ కలానికి సరస్వతి సిరా పోస్తోంది. మా పిల్లల కోసం ఆ ఉపన్యాసం ఒక ప్రతి పంపు.' ఇద్దరి కార్డుల్లోనూ ఇంచుమించు ఇవే మాటలు. అప్పుడే అనుమానం రావాల్సింది. పొగడ్త తలకెక్కినవాడికి అనుమానం ఎక్కడుంటుంది? నా చేత్తో నేనే రెండు ప్రతులు తీసి పోస్టు చేశాను.

'ఒకే ఉపన్యాసం మూడు చోట్లకి పోతే ప్రమాదం కాదా?' అని మీరడగొచ్చు. నేనూ అడుక్కున్నాను. ఏ స్కూలు పోటీ ఆ స్కూలుదే కదా, గెలిచినవాళ్లే కదా బందరు వచ్చేది, అని సమాధానం చెప్పుకున్నాను. నా ఉపన్యాసాన్ని మించింది జిల్లాలో లేదని గట్టిగా నమ్మినవాణ్ణి, అది చెప్పిన ప్రతి పిల్లా, పిల్లాడూ గెలిచి తీరతారన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. తెలివితక్కువవాడు పది తప్పులు చేస్తాడు. తెలివైనవాడు ఒక్కటే చేస్తాడు. అది పదింటి పెట్టు.

మా స్కూలు పోటీలో నాంచారే గెలిచింది. బందరు వెళ్లే రోజు వచ్చింది. చల్లపల్లి మీదుగా బస్సులో మా పిల్లల మోత, కోలాటం కర్రల మోత. బందరులో స్కూలు ఆవరణంతా జాతరలా ఉంది. పెడన పిల్లల బల్లల ముందు జనం. మైదానంలో డ్రిల్లు. ఒక పందిట్లో వరి కంకులు, పసుపు కొమ్ములు పేర్చి 'మన పంటలు' అని బోర్డు పెట్టారు. నాంచారు కొత్త రిబ్బన్లు కట్టుకుని, ఇవన్నీ కళ్లు పెద్దవి చేసుకుని చూస్తూ నా వెనకాలే నడిచింది. వాళ్ల అమ్మ ఇచ్చిన అరిసెల మూట నాకే ఇచ్చింది. "మా అమ్మ మీకిమ్మందండి. మాష్టారు బాగా నేర్పుతున్నారంట కదా అందండి."

ఆ అరిసెలు నేను తిన్నాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నాకు గుర్తుంది చాలు.

పోటీ మొదలు కాబోతుండగా డ్రిల్లు మాష్టారొకాయన విజిల్ మెళ్లో వేసుకుని పరుగెత్తుకొచ్చారు. "ముగ్గురు జడ్జీల్లో ఒకాయనకి జ్వరమొచ్చిందండీ. ఇక్కడెవరైనా తెలుగు పండి..."

ఆయన నోటి నుంచి 'తులు' రాకముందే నేను చెయ్యెత్తాను.

"మీ స్కూలు పిల్లలు పోటీలో లేరు కదండీ?"

"ఒకమ్మాయి ఉందండి. అయినా ధర్మం ధర్మమే," అన్నాను, ధర్మరాజు నా పక్కింట్లో ఉంటాడన్నట్టు.

తీసుకెళ్లి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నాకు కుడివైపు రిటైరైన హెడ్మాష్టరు గారు. చెవులు కాస్త దూరం. ఎడమవైపు బందరు ప్లీడరు గారు. ఆయన కళ్లద్దాల పైనుంచి చూస్తే చెయ్యని నేరం కూడా ఒప్పుకోవాలనిపిస్తుంది. ఎదురుగా జనంలో శివరావు, హనుమంతు కనిపించారు. నన్ను ఆ కుర్చీలో చూసి ఇద్దరూ కన్నుగీటారు. ఆ ఇద్దరూ అక్కడికి ఎందుకు వచ్చారన్నది నా బుర్రకి ఎక్కేసరికి గంట కొట్టారు.

మొదట లేచినవాడు శివరావు శిష్యుడు. "శరచ్చంద్రికా ధవళిత దిఙ్మండల శోభాయమానమైన..."

నాలో సగం గర్వం, సగం భయం. నడిమధ్యలో ఇద్దరు పిల్లలు ఏవో ముక్కలు చెప్పి, సగంలో మరిచిపోయి, ఏడుపు మొహాలతో దిగారు. తర్వాత హనుమంతు శిష్యురాలు లేచింది. "శరచ్చంద్రికా ధవళిత..."

జనంలో గుసగుసలు. ప్లీడరు గారు కలం కింద పెట్టారు. నేను తల దించుకుని కాగితం మీద చంద్రుడి బొమ్మ గీయడం మొదలుపెట్టాను.

ఆ తర్వాతివాడు మొవ్వ వైపు నుంచి వచ్చాడు. వాడెవడో, వాడి మాష్టారెవరో నాకు తెలియదు. తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. వాడు గొంతు సవరించుకున్నాడు.

"శరచ్చంద్రికా..."

"ధవళిత దిఙ్మండల!" అని హాల్లో వెనక బల్లల వాళ్లంతా ఒక్క గొంతుతో అందుకున్నారు. భజన గోష్ఠిలో కూడా అంత చక్కగా అందుకోరు. వాడు మాత్రం జంకకుండా చివరిదాకా అప్పజెప్పాడు. శివరావు తన బావమరిదికి ఒక ప్రతి పంపాడని నాకు తర్వాత తెలిసింది. నిప్పు తానొక్కడే పెడితే కొంపే కాలుతుంది. స్నేహితులు సాయం పడితే వాడ కాలుతుంది.

రిటైరైన హెడ్మాష్టరు గారు మాత్రం నా చెవి దగ్గరకి వంగి, "చూశారా, ముగ్గురిలో ఒక్కరికీ అక్షరం పొల్లు పోలేదు! ఏం ధారణండీ!" అని మురిసిపోయారు.

ప్లీడరు గారు లేచి నిలబడ్డారు. "ఆగండి. ఏం బాబూ, ఇది ఎవరు రాసిచ్చారు?"

"మా మాష్టారండీ."

"నీకమ్మా?"

"మా మాష్టారేనండీ."

"నీకో?"

"మాకు కూడా మా మాష్టారేనండీ."

"ఎవరా మాష్టర్లు? లేవండి!"

శివరావు లేచి, "నేనేనండి. రెండు వారాలు కష్టపడి రాశాను," అన్నాడు. హనుమంతు లేచి, "అదేంటండీ, అది నేను రాసింది!" అన్నాడు. మొవ్వ ఆయన లేచి, "నా రచన బయటికి ఎలా పొక్కిందో నాకే అంతుపట్టడం లేదండీ," అని తల కొట్టుకున్నాడు. నా బిడ్డకి ముగ్గురు తండ్రులు బయల్దేరారు. అసలు తండ్రి జడ్జీ కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాడు.

అప్పుడు ప్లీడరు గారు కళ్లద్దాల పైనుంచి నా వైపు తిరిగారు. "మీరు తెలుగు పండితులు గదా. ఇంత పాత భాష ఈ రోజుల్లో ఎవడు రాస్తాడండీ? ఇదేదో పూర్వ గ్రంథంలోదై ఉంటుంది. ముగ్గురూ అందులోంచి ఎత్తి రాసుంటారు. అవునా?"

ఒక్క మాట. 'అయ్యా, అది నేను రాశాను, నేనే పంచిపెట్టాను' అనాలి. అంతే. లేచి అనేసి, చెప్పులేసుకుని ఇంటికి పోవచ్చు. హాలంతా నా వైపే చూస్తోంది. నాంచారు కూడా. నా బావలిద్దరినీ వదిలేస్తే, ఆ మాటలు ఎవరివో ఈ హాల్లో ఆ పిల్లకొక్కదానికే తెలుసు. పదిహేను రోజులు నా నోటి వెంట విన్న మాటలాయె.

"అవునండీ," అన్నాను. "ఏదో ప్రాచీన వచనం. పండితులందరికీ పరిచితమే."

ముగ్గురు మాష్టర్లూ హమ్మయ్య అనుకుని కూర్చున్నారు. "గ్రంథంలోదైతే కాపీ కిందకి రాదు. సరే, కానివ్వండి," అన్నారు ప్లీడరు గారు. చివరి పేరు పిలిచారు. నాంచారు మెట్లెక్కింది.

"నువ్వు కూడా ధవళితమేనా అమ్మా?" అన్నారు ప్లీడరు గారు. హాలు గొల్లుమంది.

నాంచారు నవ్వలేదు. నా వైపు ఒకసారి చూసింది. "కాదండి. అది పాత పుస్తకంలోదంట కదండీ. నాకు తెలిసింది చెప్తానండి."

ఇక్కడ నేనేమీ పెంచి చెప్పను. ఆ పిల్ల చెప్పింది నాకు గుర్తున్నంత వరకు చెబుతాను.

"మా ఇళ్లల్లో వెన్నెలంటే ఎవరికీ ఇష్టం ఉండదండి. వెన్నెల బాగా కాస్తే చేపలకి వల కనపడతదంట, పడవు. పున్నమి నాలుగు రోజులూ మా ఇంట్లో కూర ఉండదండి. అందరూ చందమామని చూపించి పిల్లలకి అన్నం పెడతారంట. మా అమ్మ చందమామని చూస్తే మా తమ్ముడికి గంజి పోస్తదండి." హాల్లో ఎవరో నవ్వబోయి ఆగారు. "కార్తీకంలో గాలి మారతది. మా నాన్న పొద్దున్నే ఇసక పట్టుకుని గాల్లోకి వదిలి చూస్తాడండి. ఇసక ఎటుపడితే అటు పడితే పడవ దింపడు. దింపకపోతే తిండి లేదు. దింపితే మా అమ్మ తిండి తినదండి, ఆయన వచ్చేదాకా. మీ వైపు ఈ నెలలో వరి పొట్ట మీద ఉంటదండి, అందరూ సంతోషంగా ఉంటారు. మాకు ఈ నెల ఎప్పుడు అయిపోతదా అని ఉంటది. శరదృతువు మన జీవితం అని రాశారు కదండీ. మా జీవితం అదండీ. నేను హంసని చూడలేదండి."

అని దణ్ణం పెట్టి దిగిపోయింది.

ప్లీడరు గారు కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. రిటైరైన హెడ్మాష్టరు గారు ఎంత విన్నారో గాని, చెవి వెనక చెయ్యి పెట్టుకుని ఆఖరు దాకా వంగే ఉన్నారు.

మార్కుల కాగితం నా ముందుకొచ్చింది.

మీరిప్పుడు నా బుర్రలోకి ఒకసారి తొంగి చూడాలి. చెత్తకుండీలోకి చూస్తున్నామనుకుని చూడండి. మొదటి ఆలోచన: నా ఉపన్యాసాన్ని అవతల పారేసింది. రెండోది: 'ఉంటదండి', 'పడతదండి' అని నిండు సభలో నా స్కూలు పరువు తీసింది. మూడోది, అన్నిటికంటే లోపల కూర్చున్నది: సొంత స్కూలు పిల్లకి ఎక్కువ వేస్తే ఈ ప్లీడరు నన్ను ఆరా తీస్తాడు, తీగ లాగితే డొంకంతా కదులుతుంది. మూడు ఆలోచనలు. ఆలోచనకి ఒకటి చొప్పున పదికి మూడు మార్కులు వేశాను. ధవళితాలకి మాత్రం తొమ్మిది, ఎనిమిది, ఎనిమిది. నా మాటలకి నేనే వేసుకున్నాను. కంచె చేను మేస్తే చేనుకి కనీసం తెలుస్తుంది. నేను మేసి, కాపలా కాస్తున్నట్టు కర్ర పట్టుకుని నిలబడ్డాను.

ఫలితాలు రిటైరైన హెడ్మాష్టరు గారు చదివారు. మొదటి బహుమతి గుడివాడ వైపు శరచ్చంద్రిక. రెండో బహుమతి పామర్రు వైపు శరచ్చంద్రిక. మూడో బహుమతి మొవ్వ వైపు శరచ్చంద్రిక. మా నాంచారు ఒక్క మార్కు తేడాతో నాలుగో స్థానం.

అక్కడితో పోయినా బాగుండేది. ఆయన కాగితం మడిచి, అద్దాలు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టారు. "సభవారికి ఒక విశేషం మనవి చేయాలి. ఆ ఆఖరు అమ్మాయికి మేమిద్దరం పది, ఎనిమిది వేశాం. ఈ యువ పండితుడు మాత్రం మూడే వేశారు. ఆ అమ్మాయి ఎవరో కాదు, వారి సొంత శిష్యురాలు! ఏడు వేసి ఉంటే మొదటి బహుమతి వారి స్కూలుకే వచ్చేది. అయినా స్వపక్షమని చూడలేదు. ఇదండీ నిష్పక్షపాతం అంటే! ఉపాధ్యాయ లోకానికి ఇలాంటివారు..."

ఇంకేదో అన్నారు. నాకు వినపడలేదు. ముఖ్య అతిథి కోసం తెచ్చిన బంతిపూల దండ ఒకటి మిగిలింది. అది నా మెడలో పడింది. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాళ్లు శివరావు, హనుమంతు. జనం మధ్య నాంచారు నిలబడి ఉంది. చప్పట్లు కొట్టలేదు. ఏడవనూ లేదు. పలక మీద కష్టమైన లెక్కని చూసినట్టు నన్ను చూస్తోంది.

కిందికి దిగుతుంటే ప్లీడరు గారు నా చెయ్యి పట్టుకున్నారు. "మీ ధర్మబుద్ధికి నమస్కారమండీ. మీ ముందు ముద్దాయిగా నిలబడే రాత మాత్రం నాకు రాయొద్దని చిలకలపూడి పాండురంగణ్ణి వేడుకుంటాను," అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆయనకి ఎంత అర్థమైందో ఈ రోజుకీ నాకు తెలియదు.

తిరుగు బస్సులో నాంచారు నా ముందు సీట్లో కూర్చుంది. చల్లపల్లి దాటాక వెనక్కి తిరిగి మెల్లగా అడిగింది. "మాష్టారండీ, ఆ మూడైనా దేనికేశారండీ?"

నా దగ్గర లేని సమాసం లేదు. "గొంతు బాగుంది," అన్నాను.

"గొంతు మా అమ్మదండీ," అంది. ముందుకి తిరిగి కూర్చుంది.

ఆ పిల్ల బడి మానేసిందని చెబుతాననుకుంటున్నారేమో. మానలేదు. రోజూ వచ్చింది. నా మీద ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. కాని ఆ రోజు నుంచి స్కూలు వదిలేదాకా నా క్లాసులో నేను ఏ ప్రశ్న అడిగినా, నేను చెప్పిన జవాబునే, నేను చెప్పినట్టే, అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పింది. మరాళం అంటే మరాళం. వెన్నెల ఎలా ఉంటుందంటే, "చల్లగా, తెల్లగా, ఆహ్లాదకరంగా ఉంటుందండీ." 'ఉంటది' అనలేదు, 'ఉంటుంది' అంది. నేను ఒకసారి సిగ్గు విడిచి, "నాంచారూ, నీ సొంత మాటల్లో చెప్పమ్మా," అన్నాను.

"దానికి మూడే కదండీ మాష్టారూ," అంది.

పిల్లలెవరికీ అర్థం కాలేదు. నవ్వలేదు కూడా. స్కూలు వదిలి వెళ్లే ఏడు తెలుగులో ఆ పిల్లదే మొదటి మార్కు. జవాబు పత్రం నేనే దిద్దాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అన్నీ నా వాక్యాలే. ఆ పిల్లది ఒక్కటి లేదు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. నేను అడుసు తొక్కి, ఆ కాలు ఇంకొకరి చీర చెంగుతో తుడుచుకున్నవాణ్ణి. అందుచేత సూర్యచంద్రులు, వాళ్లు తీరికగా లేకపోతే కృష్ణా జిల్లా ఉపాధ్యాయులందరూ సాక్షులుగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ పిల్లకీ ఉపన్యాసం రాసివ్వను. ఎవరికి జ్వరమొచ్చినా జడ్జీ కుర్చీ ఎక్కను. నన్నెవరైనా నిష్పక్షపాతి అంటే తల వంచను, పారిపోతాను. రిటైరై ఇన్నేళ్లయింది కనక ఈ ప్రమాణాలన్నీ నిలబెట్టుకోవడం నాకు చాలా సులువు. లేచి ఆ ఒక్క మాట చెప్పవలసిన రోజున మాత్రం నాకు ప్రాచీన వచనం గుర్తొచ్చింది.